తలా తోకా, మధ్యలో పాట

తలుపు దగ్గర పెట్టిన రెండో కాఫీ కూడా మీగడ కట్టింది.

వదిన వంగి కప్పు తీసింది. మొదటి కాఫీ పారబోసిందీ ఆవిడే, రెండోది కలిపి తెచ్చిందీ ఆవిడే. లోపలున్న పిల్ల మాత్రం నిన్న సాయంత్రం వేసుకున్న గడియ ఇంతవరకూ తియ్యలేదు.

"పిచ్చుకా, చల్లారిపోయిందే. ఇంకోటి తేనా?"

పక్కగదిలో అత్తగారి కుట్టుమిషనే టకటకా జవాబు చెప్పింది. అత్తగారు మాటలు మానేసినప్పుడల్లా ఆ ఇంట్లో మిషన్ మాట్లాడుతుంది. ఇవాళ ఆదివారమని కూడా లేదు, పొద్దుటినుంచీ ఎవరివో పరదాలు ముందేసుకుని ఏకబిగిన తొక్కుతోంది.

ఊళ్ళో చిన్నాచితకా బ్యాండ్లు వారం వారం వదిలే కొత్త పాటలన్నీ వెతికి పట్టుకుని, వాటిలో మంచివి ఏరి, శనివారం సాయంత్రం రేడియోలో వినిపించడం వదిన ఉద్యోగం. అద్దెగదుల్లో, గ్యారేజీల్లో, డాబాల మీద పాడుకునే పిల్లలకి ఆవిడ నోట మంచిమాట పడితే పరీక్ష పాసైనట్టే. వాళ్ళందరూ ఆవిణ్ణి వదిన అనే పిలుస్తారు. ఆ పిలుపు అంటించింది ఆడపడుచు పిచ్చుకే. బడికెళ్ళే రోజుల్లో ఒకసారి స్టూడియోకి వెంటబడి వచ్చి, ప్రోగ్రాం నడుస్తుండగా మైకు పక్కన నిలబడి "వదినా, దాహమేస్తోంది" అంది. ఊరంతా విన్నది. ఆవేళ్టినుంచి ఊరికంతటికీ వదినే.

అలాంటి వదిన నిన్న 'మూడో మెట్టు' అనే పేరుతో వచ్చిన కొత్త పాటని నలుగురిలో ఉతికి ఆరేసింది. "మొదట్లో గతి తప్పిన డ్రమ్ మిషను, చివర్లో ఎవరో నటి గావుకేక. ఏ ఇంట్లోనైనా మనుషులు ఇంత కర్కశంగా అరుస్తారా? ఇంతకీ ఇందులో పాట ఎక్కడుందండీ?" అని తియ్యగా నవ్వింది కూడా. ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే తెలిసింది, మూడో మెట్టు అంటే తమ డాబా మెట్లలో మూడోదేనని, పాడింది పిచ్చుకేనని.

వదిన కప్పు పట్టుకుని హాల్లోకి వచ్చింది. మొగుడుగారు బల్ల దగ్గర కూర్చుని ఎవరివో కళ్ళజోళ్ళు తుడుస్తున్నాడు. కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది. ఇంట్లో గొడవొస్తే దుకాణం బల్లమీదికొచ్చేస్తుంది.

"మీకు ముందే తెలుసు," అంది వదిన.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"అది పాట కట్టడం మొదలెట్టినప్పట్నుంచి."

"నాతో ఒక్క ముక్క చెప్తే నోటి ముత్యాలు రాలిపోయేవా?"

"ఒట్టేయించుకుంది. 'పేరు తెలిస్తే వదిన నా మొహం చూసి మెచ్చుకుంటుంది. అలాంటి మెప్పు నాకొద్దు అన్నయ్యా' అంది. నేనేం చెయ్యను? మీ ఇద్దరి మధ్యా నాది అడకత్తెరలో పోకచెక్క బతుకు."

"చెయ్యాల్సిందంతా చేసి పోకచెక్కనంటారు. ఇప్పుడు నేను మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నీ మొహం సంగతి తర్వాత చూద్దాం. ముందు దాని మొహం బయటికి రానీ."

టకటక ఆగింది. మిషన్ ఆగిందంటే అత్తగారు మాట్లాడబోతోందని అర్థం. ఇద్దరూ అటు తిరిగారు.

"ఏమమ్మా," అంది అత్తగారు గదిలోంచే, సూదిలో దారం ఎక్కిస్తూ, "నా మిషన్ గతి తప్పిందా?"

వదినకి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో కప్పు బల్లమీద పెట్టేసింది.

"ఆ చప్పుడు... మీ మిషనా అత్తయ్యా?"

"డ్రమ్ మిషన్ కాదు తల్లీ, కుట్టుమిషన్. పిల్ల నా పక్కన ఫోను పెట్టుకుని కూర్చుంటే, నా చప్పుడు కూడా పాటవుతుందని మురిసిపోయాను. నా పెళ్ళినాటి మిషన్ ఇది. దీనిమీదే ఇద్దర్నీ పెంచాను. దీనికి గతి తప్పిందన్న మొదటి మనిషివి నువ్వే."

"మీదని నాకేం తెలుసు అత్తయ్యా!"

"అవున్లే. పక్కగదిలో రోజంతా మోగేది తెలీదు. ఊళ్ళో ఎవరి గ్యారేజీలో ఏ డ్రమ్ము తోలు వదులైందో మాత్రం తెలుసు."

మిషన్ మళ్ళీ మొదలైంది. ఈసారి ఇంకా గట్టిగా.

వదినకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పేరు దాచిపెట్టింది వాళ్ళు. పనిచేసింది తను. ఇప్పుడు దోషి కూడా తనే. విసురుగా వెళ్ళి తలుపు కొట్టింది.

"పిచ్చుకా, ఇంక చాలు. గడియ తియ్యి. తప్పయిపోయిందన్నాను కదా!"

"వదినా." నిన్నట్నుంచి లోపల్నుంచి వచ్చిన మొదటి మాట అది.

"ఆఁ, చెప్పు తల్లీ."

"ఒక్కటి అడుగుతా. చెప్తావా?"

"అడుగు."

"మధ్యలో ఏముంది?"

"దేని మధ్యలో?"

"పాట మధ్యలో."

వదిన తలుపు మీద చెయ్యి ఆనించింది. వెనకాల మొగుడు తుడవడం ఆపేశాడు. అత్తగారి మిషన్ కూడా ఆగింది.

"మధ్యలో... కొంచెం ఊపు తగ్గిందే. గిటారు ఇంకాస్త ముందుకొచ్చి ఉంటే బాగుండేది."

ఎవరి పాటకైనా అతికే మాట అది. ఇన్నేళ్ళలో ఆవిడ ఎందరికో చెప్పింది, అందరూ బుద్ధిగా తలూపారు.

"పాటలో గిటారు లేదు వదినా," అంది పిచ్చుక.

వదిన తలుపు మీది చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నువ్వు బాలేదంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. నువ్వు విననేలేదు. సాయంత్రం నీ ప్రోగ్రాం మళ్ళీ వేస్తారుగా. ఆలోపల నెట్‌లోంచి పాట తీసేస్తాను. ఇంక పాడను కూడా పాడను. నీకు గోల వదిలిపోతుంది."

"అంతంత మాటలెందుకే? విను నా మాట!"

కానీ లోపల ఫ్యాను వేగం పెంచిన చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు.

నిజం చెప్పుకోవాలంటే తప్పు ఒక్క పాటతో వచ్చింది కాదు. వారం తిరిగేసరికి పాటలు కుప్పలుగా వచ్చిపడతాయి. అన్నీ సాంతం వింటే తిండికీ నిద్రకీ కూడా తీరికుండదని వదిన వాదన. అందుకని మొదట కాస్త వింటుంది. మనసు పట్టకపోతే వేలితో జరిపి చివరికెళ్ళి, అక్కడ కాస్త వింటుంది. రేడియో స్టేషన్ పెద్దాయన దీనికి 'తలాతోకా పద్ధతి' అని పేరుపెట్టి ఏడిపిస్తుంటాడు. చేప తాజాదో కాదో మొప్పలు చూస్తే తెలియదా అంటుంది ఆవిడ. అమ్మేవాడి ఎదుట ఆ మాట చెల్లుతుందేమో. నెలల తరబడి కూర్చుని పాట కట్టుకున్న పిల్లలకి మాత్రం ఆ పద్ధతి సంగతి తెలియదు.

మూడో మెట్టు పాటకి తల కుట్టుమిషన్ చప్పుడు, దాని వెంట సన్నటి కూనిరాగం. తోక ఎవరో ఆడమనిషి అరుపు. పిల్ల గొంతు విప్పి పాడిందంతా మధ్యలోనే ఉంది.

వదిన వంటింట్లోకి పోయి స్టేషన్ పెద్దాయనకి ఫోన్ చేసింది.

"సార్, సాయంత్రం మళ్ళీ వేసేది ఆపాలి."

"ఏమొచ్చిందమ్మా?"

"ఆ మూడో మెట్టు పాట మా ఆడపడుచుది."

పెద్దాయన పకపకా నవ్వాడు. "అయితే అసలు ఆపకూడదు. చుట్టరికం చూసి ఆపామని తెలిసిందా, రేపట్నుంచి ఊళ్ళో ప్రతి డ్రమ్మరూ నీకు మేనల్లుడే. ఇప్పటికే అందరికీ వదినవి."

"నవ్వకండి సార్. ఇక్కడ ఇల్లు తగలబడుతోంది."

"సరే, ఒక దారుంది. వచ్చి మైకు ముందు కూర్చుని నిజం చెప్పు. తలా తోకా విని మాట్లాడాను, సాంతం వినలేదు అను. ఆ మాట నువ్వంటానంటే పాతది ఆపేసి నిన్నే వేస్తాను."

వదిన గొంతు తగ్గించింది. "అలా అంటే ఇంతకాలం నేను కాదన్న వాళ్ళందరూ నా మీద పడరూ?"

"పడతారు మరి. పడకుండా ఉంటారా?"

"ఆలోచించి చెప్తాను."

"భోజనాల వేళదాకా ఆలోచించుకో. ఆ తర్వాత నేను కూడా ఉండను. కంప్యూటరే దాని టైముకి అది వేసేసుకుంటుంది."

వదిన ఆలోచించింది. అంటే ఏం లేదు, భయమేసే పనిని వాయిదా వెయ్యడానికి ఆవిడ పెట్టుకున్న పేరు అది. ఫోను పక్కన పెట్టుకుని గిన్నెలు తోమింది, తోమినవే మళ్ళీ తోమింది. ఒకసారి నంబరు నొక్కి, మోగకముందే కట్ చేసింది. భోజనాల వేళ వచ్చింది, దాటింది కూడా.

బల్లమీద నాలుగు కంచాలు పెట్టారు. ముగ్గురే కూర్చున్నారు. నాలుగో కంచాన్ని ఎవరూ తియ్యలేదు, ఎవరూ చూడలేదు.

"పొద్దుట్నుంచీ చూస్తున్నాను," అన్నాడు మొగుడు, కంచంలోకి చూస్తూనే. "కాఫీలు కలిపావు. ఫోన్లు చేశావు. నన్ను తిట్టావు, అమ్మతో వాదించావు. చెయ్యాల్సిన పని ఒక్కటి మాత్రం చెయ్యలేదు."

"ఏంటది?"

"పాట వినడం."

వదిన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఇది పాటలతో వచ్చిన జబ్బు కాదు," అన్నాడు ఆయన. ఎప్పుడూ గొంతెత్తని మనిషి, ఇవాళా ఎత్తలేదు. అదే ఆవిడకి ఎక్కువ కష్టంగా ఉంది. "నాతోనూ అంతే. 'ఇదిగో' అంటే తలెత్తుతావు. 'సరేనా' అంటే 'సరే' అంటావు. మధ్యలో నేను వాగిందంతా గాలికి పోతుంది. పోయిన నెలలో దుకాణం మారుస్తున్నానని చెప్పాను. ఎక్కడికి మారుస్తున్నానో చెప్పు చూద్దాం."

వదిన కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది.

"దుకాణం మారుస్తున్నారా?"

అత్తగారికి నవ్వొచ్చింది. తను కోపంలో ఉన్న సంగతి గుర్తొచ్చి గబగబా మంచినీళ్ళు తాగేసింది.

"అన్నీ నా నెత్తినే రుద్దండి," అంటూ వదిన లేచిపోయింది. "వినేదాన్ని నేనొక్కదాన్నే కదా ఈ ఇంట్లో! మీరందరూ మాట్లాడేవాళ్ళే!"

అన్నాక ఆ మాట ఎంత పొల్లుమాటో ఆవిడకే వినపడింది. చెయ్యి కడుక్కుని, హెడ్‌ఫోన్ తీసుకుని, డాబా మెట్ల దగ్గరికి వెళ్ళింది.

మూడో మెట్టుకి అంచు విరిగి ఉంటుంది. రెండు పక్కలా గోడలు దగ్గరగా ఉండటంతో అక్కడ కూర్చుని చిన్నగా పలికినా గొంతు నిండుగా తిరిగొస్తుంది. పిచ్చుక చిన్నప్పట్నుంచీ కూనిరాగాలు తీసేది అక్కడే. వదిన ఆ మెట్టు మీద కూర్చుని ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు.

పాట మొదలుపెట్టింది. మిషన్ టకటక వినపడగానే వేలు అలవాటుగా ముందుకు జరపడానికి కదిలింది. వదిన ఆ చేతిని తొడకింద పెట్టుకుని కూర్చుంది.

మిషన్ గతి తప్పలేదు. గుడ్డ మందంగా ఉన్నచోట నెమ్మదిస్తోంది, మలుపు తిరిగాక మళ్ళీ పరిగెడుతోంది. కూనిరాగం దానితోపాటే ఆగి, దానితోపాటే నడుస్తోంది. తల్లి చేతుల్ని చూస్తూ పాడితే తప్ప అలా కుదరదు. ఈ మాత్రం నిన్న తనకెందుకు వినపడలేదని వదిన తనని తాను తిట్టుకుంది. అప్పుడు గొంతు విప్పింది పిల్ల.

"మూడో మెట్టు మీద
ఒక తీగకి ఇద్దరం,
కుడిచెవి నాకు, ఎడంచెవి నీకు.
నువ్వు తలూపితే నా తలా ఊగేది.
ఇప్పుడు రెండు చెవులూ నీవే.
తీగ ఎటు పోయిందో గానీ
మెట్టు ఇక్కడే ఉంది."

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన కొత్త. ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక, పాటలు పెట్టుకుని ఈ మెట్టు మీదే వచ్చి కూర్చునేది. చింపిరి జుట్టు పిల్ల ఒకతె వచ్చి ఆవిడ మొహంలోకి వంగి వంగి చూసేది. ఒకరోజు వదిన తన చెవిలోని ఇయర్‌ఫోన్ ఒకటి తీసి దాని చెవిలో పెట్టింది. పిల్ల ఉలిక్కిపడి, తర్వాత నవ్వింది. ఆ ఇంట్లో ఆవిడకి దొరికిన మొదటి స్నేహం అది. తీగలేని ఈ పెద్ద హెడ్‌ఫోన్ ఎప్పుడొచ్చిందో, రెండు చెవులూ ఎప్పుడు మూసుకున్నాయో తలుచుకుంటే గుర్తు రావడంలేదు.

పాట చివరికొచ్చింది. మిషన్ ఆగింది. పిల్ల ఒక్కతే, ఈ మెట్టు మీదే కూర్చుని, ఆ చివరి మాటని మళ్ళీ మళ్ళీ అంటోంది, మెట్టు ఇక్కడే ఉంది, మెట్టు ఇక్కడే ఉంది. అప్పుడు కిందనుంచి, దూరంగా, తలుపు విసురుగా తెరుచుకున్న చప్పుడు.

"అబ్బబ్బ! ఆ గోల ఆపుతావా లేదా? ఇక్కడ నేను పాటలు వినాలి!"

పాట అక్కడ తెగిపోయింది.

వదిన హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. రేడియోలో తన గొంతు ఆవిడ ప్రతివారం వింటుంది. మెత్తగా, నిదానంగా ఉండే గొంతు. ఇంట్లో గొంతు ఇదిగో, ఇవాళే మొదటిసారి వింది. ఏ ఇంట్లోనైనా మనుషులు ఇంత కర్కశంగా అరుస్తారా అని ఊరందరినీ అడిగింది తనే. అరుస్తారు. ఈ ఇంట్లో అరుస్తారు. సిగ్గుతో ఆవిడ చెవులు కాలిపోయాయి.

మెట్లమీద ఎండ వాలేసరికి ఇంకోసారి వినాలనిపించింది, ఈసారి మధ్యలోంచే. ఫోను తీసి పాట మీద వేలు పెట్టింది.

"ఈ పాట అందుబాటులో లేదు" అని వచ్చింది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే.

వదిన మెట్లమీదే పెద్దాయనకి ఫోన్ చేసింది. "వస్తున్నాను సార్, మీరన్న మాట అంటాను" అని చెప్పడానికి నోరు సిద్ధంగా ఉంది. ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆయన చెప్పనే చెప్పాడు, ఉండనని. ఆవిడ దిగి పరుగున వచ్చేసరికి పిచ్చుక గది తలుపు తెరిచే ఉంది. పిల్ల తల దువ్వుకుని, భుజాన సంచీ వేసుకుని గడపలో నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"పిచ్చుకా! విన్నానే. మొత్తం విన్నాను. ఆ అరిచింది నేనేనని కూడా..."

"సరే వదినా."

"సరే కాదే. నన్ను చెప్పనీ. ఆ కుడిచెవి, ఎడంచెవి అన్నావు చూడు, అక్కడ నేను..."

"సరే అన్నానుగా."

పిల్ల గొంతులో కోపం లేదు. మొదటి మాట వింది, చివరికి సరే అంది. మధ్యలోది వినడానికి ఆగలేదు. వదిన పక్కనుంచి ఒద్దికగా తప్పుకుని, హాలు దాటి, చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికే?" అన్నాడు అన్నయ్య లేచి నిలబడి.

"ఎక్కడికో చెప్తే గుర్తుపెట్టుకునేదెవరు అన్నయ్యా?" అంది. వీధి తలుపు నెమ్మదిగా వేసుకుని వెళ్ళిపోయింది.

వదిన ఆ తలుపు వైపు రెండడుగులు వేసింది. అంతలో అత్తగారి గదిలోంచి తన ప్రోగ్రాంకి ముందు ప్రతి శనివారం స్టూడియోలో వినే సంగీతం మొదలైంది. మిషన్ పక్కన ఉండే చిన్న రేడియో అది. ఆదివారం సాయంత్రం అంచులు మడిచేటప్పుడు కోడలి ప్రోగ్రాం వినడం అత్తగారికి అలవాటు. నిన్న కూతురితోపాటు కూర్చుని సగమే విందట, దాని ఏడుపు చూసి కట్టేసిందట.

వదిన పరుగెత్తుకెళ్ళి రేడియో మీద చెయ్యి వేసింది.

అత్తగారు ఆ చేతిమీద తన చెయ్యి వేసి పట్టుకుంది. "ఉండనీ అమ్మా. ఇవాళ మొదట్నుంచి చివరిదాకా విందాం."

మొగుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ముగ్గురూ విన్నారు. ఎవరో పిల్లల బ్యాండ్ పాట ఒకటి అయింది. ఇంకోటి అయింది. అత్తగారి చెయ్యి కోడలి చేతిమీదే ఉంది. కుట్టుమిషన్ చప్పుడు ఒక తునక మోగింది, ఆ వెంటనే దూరంగా ఒక అరుపు. తర్వాత రేడియోలో వదిన తియ్యగా నవ్వి, ఊరందరినీ అడిగింది:

"ఇంతకీ ఇందులో పాట ఎక్కడుందండీ?"